ఒడ్డుకు అడంగల్ లేదు



విశాఖపట్నం వన్ టౌన్‌లో, కోటవీధి చుట్టుపక్కల సందుల్లో, పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి తెల్లగా ఉండదు. కిటికీ గట్టు మీద వేలితో గీస్తే గీత పడుతుంది. ఆ నల్లపొడి ఎక్కడిదో అక్కడ చిన్నపిల్లలను అడిగినా చెబుతారు. హార్బర్‌లో గుట్టలుగా పోసిన బొగ్గు, ఇనుప ఖనిజం గాలికి లేచి ఇళ్ళలోకి వస్తుంది. పోర్టు వాళ్ళు ఆ గుట్టల మీద నీళ్ళు చల్లిస్తారు, పరదాలు కప్పిస్తారు, చెట్లు కూడా నాటించారు. గీత మాత్రం పడుతూనే ఉంది. అవే సందుల్లో, పోర్టు జీతంతో పిల్లలను ఇంజనీర్లను చేసి, ఇప్పుడు పోర్టు పింఛనుతో కాలం గడుపుతున్న పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. ఈ దగ్గు ఎందుకొచ్చిందని అడిగితే పోర్టు అంటారు. ఈ ఇల్లు ఎలా కట్టారని అడిగినా పోర్టే అంటారు. రెండు మాటలూ నిజమే.

ఇవాళ నేను మాట్లాడబోయేది, ఒక ఊరి ఒడ్డున ఓడరేవు కడితే ఆ ఊరికి, చుట్టుపక్కల ఊళ్ళకు ఏమవుతుందన్నది. మన తీరంలో ఇప్పుడు ఇది పాత కథ కాదు. రామాయపట్నంలో 2022లోను, మచిలీపట్నం, మూలపేటల్లో 2023లోను కొత్త రేవుల పనులు మొదలయ్యాయి. ఆ ఊళ్ళ వాళ్ళకు రేపు ఏం జరుగుతుందో తెలియాలంటే, ముందు రేవు వచ్చిన చోట నిన్న ఏం జరిగిందో చూడాలి. నాకు బాగా తెలిసినది విశాఖ. దాని పక్కనే ఉన్న గంగవరం ఇంకొకటి. అందుకని ఆ రెండింటి దగ్గరే నిలబడి చెబుతాను.

విశాఖ రేవు విశాఖ కోసం పుట్టలేదు. ఈ మాటలో నిష్ఠూరం ఏమీ లేదు, చరిత్రే అది. మధ్య పరగణాల్లో, అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, విదర్భ వైపు తవ్విన మాంగనీసును సముద్రం దాకా తేవడానికి తూర్పున ఒక ద్వారం కావలసి వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ పని చేపట్టింది. కొండల్లోంచి రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు మార్గం 1931 నాటికి పూర్తయింది. 1927లో మొదలుపెట్టిన లోపలి హార్బర్ 1933లో సిద్ధమైంది. ఆ అక్టోబరులో సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. అయిన ఖర్చు సుమారు 3 కోట్ల 78 లక్షల రూపాయలు. ఇప్పుడు క్రేన్లు నిలబడి ఉన్న చోట అంతకు ముందు ఉప్పునీటి మడుగు, అడుసు నేల ఉండేవి. పోటుకు నీళ్ళు ఎక్కేవి, పాటుకు దిగేవి. ఆ మడుగులో రొయ్య పట్టినవాడు, పీత పట్టినవాడు, నాటుపడవ నడిపినవాడు ఎంతమందో ఏ రికార్డులోనూ మనకు దొరకదు. ఆ సంగతిని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

రేవు రాకముందు ఓడలు దూరంగా నడి సముద్రంలో ఆగేవి. సరుకును, మనుషులను కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవల్లో అలలు దాటించి ఒడ్డుకు చేర్చేవారు. విశాఖలోనే కాదు, భీమిలి, కళింగపట్నం, కాకినాడ, బందరు అన్ని చోట్లా అంతే. ఆ పని చేతనైనవాళ్ళు సముద్రం అంచున పుట్టిపెరిగిన వాళ్ళే. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రంగం వెళ్ళిన వేలాది కూలీలు కూడా అలాంటి పడవలెక్కే ఓడ దాకా చేరారు. రంగం అంటే రంగూన్. తెలుగువాళ్ళను బర్మాలో కొరంగీలని పిలిచేవారు, మన గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదుగా వచ్చిన మాట అది. ఓడ నేరుగా గట్టుకు ఆనుకుని నిలబడే రోజు వచ్చాక, అలలు దాటించే ఆ పడవవాళ్ళకు పని తగ్గిపోయింది. విశాఖ పెరిగినకొద్దీ భీమిలి, కళింగపట్నం రేవులు నిద్రలోకి జారుకున్నాయి. అక్కడి గిడ్డంగులు కూలాయి, దీపస్తంభాలు మాత్రం మిగిలాయి. ఒక రేవు వల్ల బాగుపడిన ఊరు గురించి మాట్లాడుకునేటప్పుడు, దానివల్ల ఖాళీ అయిన ఊళ్ళను కూడా అదే పద్దులో రాయాలని నా అభిప్రాయం.

విశాఖ బాగుపడిందనడంలో సందేహం లేదు. 1901లో దాదాపు 41 వేల జనం ఉన్న పట్నం 1951కి లక్ష దాటింది. 1981కి ఆరు లక్షలయింది. 2011 జనాభా లెక్కల్లో నగరపాలక సంస్థ పరిధిలో 17 లక్షలకు పైగా తేలింది. ఓడల కర్మాగారం, నూనె శుద్ధి కర్మాగారం, ఎరువుల ఫ్యాక్టరీ, తర్వాత ఉక్కు కర్మాగారం, ఇవన్నీ రేవు పట్టుకొచ్చినవే. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలు వేశారు. మనం అరకు వెళ్ళేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ మురిసిపోయే దారి అదే. అది విహారయాత్ర కోసం వేసింది కాదు, ఖనిజం కోసం వేసింది.

మా పెదనాన్న 1960లలో పాలకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి రేవులో కళాసీగా చేరాడు. అరచేతిలో బస్తా కొక్కెం ఒరుసుకుని గట్టిపడిన కాయ ఆయన పోయేదాకా ఉంది. ఊళ్ళో పాలేరుతనం చేసిన మనిషి. కామందు ముందు కూర్చోవడం ఎరగనివాడు. రేవులో యూనియన్ మీటింగులో కుర్చీ మీద కూర్చున్నానని ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నాడో. అంతకుముందు రోజుల్లో పొద్దున్నే గేటు దగ్గర వందలమంది నిలబడితే, మేస్త్రీ చూపు పడినవాడికే ఆ రోజు పని. 1959లో విశాఖకు డాక్ లేబర్ బోర్డు వచ్చాక పేరు రిజిస్టరులోకి ఎక్కింది, వంతు ప్రకారం పని వచ్చింది, పని లేని రోజున కూడా ఎంతో కొంత చేతికి వచ్చింది. భవిష్యనిధి, ఆసుపత్రి, క్వార్టర్సు వచ్చాయి. కులం వల్ల ఊరి చివర ఉండాల్సినవాడికి నంబరున్న ఇల్లు దొరికింది. రేవు చేసిన ఈ మేలును ఎవరూ చిన్నది చేయకూడదు.

కానీ ఆ కాలం వెళ్ళిపోయింది. బస్తా పోయి పెట్టె వచ్చింది. 2003లో విశాఖలో కంటైనర్ టెర్మినల్ మొదలయింది. ఒక గుంపు కళాసీలు రోజంతా మోసే సరుకును ఇప్పుడు ఒక క్రేన్ నిమిషాల్లో ఎత్తి దించుతుంది. బొగ్గు కన్వేయర్ బెల్టు మీద నడిచి వెళుతుంది. డాక్ లేబర్ బోర్డు 2008లో పోర్టులో కలిసిపోయింది. కొత్తగా కట్టే రేవుల ప్రకటనల్లో ఇన్ని వేల ఉద్యోగాలని చదివినప్పుడల్లా నాకు పెదనాన్న అరచేయి గుర్తొస్తుంది. ఆ ప్రకటన చూసిన పల్లెవాళ్ళ మనసులో మెదిలేది పాతకాలపు రేవు. కట్టేది మాత్రం కొత్తకాలపు రేవు. అందులో మనుషులు తక్కువ, ఉన్నవాళ్ళలోనూ కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు ఇసుక సంగతి చెప్పాలి. ఇది ఇంజనీర్ల విషయమని చాలామంది దాటేస్తారు గానీ, ఊళ్ళ బతుకుల్ని మార్చేది ఇదే.

మన తూర్పు తీరంలో ఇసుక నడుస్తుంది. నైరుతి గాలుల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి, ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుంటూ పోతాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అది లక్షల ఘనపు మీటర్లలో ఉంటుంది. ఒక ఊరి ముందు ఇసుక తిన్నె ఏళ్ళ తరబడి అలాగే ఉందంటే, అది కదలకుండా ఉందని కాదు. పోయినంత ఇసుక దక్షిణం నుంచి వచ్చి చేరుతోందన్నమాట. రేవు కట్టినప్పుడు అలలను ఆపడానికి సముద్రంలోకి రాతి గోడ కడతారు. దాన్ని మనవాళ్ళు బ్రేక్‌వాటర్ అనే అంటారు. ఆ గోడ దగ్గర ఇసుక నడక ఆగిపోతుంది. దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డుకు రావలసిన ఇసుక రాదు. అల మాత్రం తన పని తాను చేసుకుపోతూ ఉన్న ఇసుకను లాక్కుపోతుంది.

విశాఖ రేవు కట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. 1930లలోనే డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్టగా పెట్టారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుకను ఒక గుంటలో పట్టి, డ్రెడ్జర్‌తో తవ్వి తీసి, ఉత్తరాన ఒడ్డుకు చేర్చే ఏర్పాటు చేసుకున్నారు. 1970లలో వెలుపలి హార్బర్ వచ్చాక ఆ అవసరం ఇంకా పెరిగింది. రామకృష్ణా బీచ్‌లో సాయంత్రాలు మనం కూర్చునే ఇసుకలో కొంత ఏటేటా పోర్టు వాళ్ళు పంపుతో తోలిస్తున్న ఇసుకే. ఏ ఏడాది తోలడం తగ్గినా, పెద్ద తుపాను వచ్చినా, బీచ్ రోడ్డు కింద మట్టి కోతకు గురై గోడలు కూలుతాయి. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత ఆ దృశ్యం చూడనివాళ్ళు లేరు.

నగరానికి బీచ్ రోడ్డు ఉంది, దాన్ని కాపాడుకునే బలం ఉంది. కోత పడితే పత్రికలు రాస్తాయి, ఇసుక వస్తుంది. చిన్న పల్లెకు అది ఎవరు తోలతారు? పడవ లాక్కోవడానికి ఇసుక కావాలి. వల ఆరేసుకోవడానికి ఇసుక కావాలి. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చేపలు ఎండబెట్టడానికి ఇసుక కావాలి. తిన్నె సన్నబడితే పడవలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఇరుక్కుంటాయి, ఒక్క పెద్ద అల వస్తే ఒకదానికొకటి కొట్టుకుని పగులుతాయి. కాకినాడ పక్కన ఉప్పాడ ఏళ్ళుగా సముద్రంలోకి కొట్టుకుపోతోంది. అక్కడ కారణాలు చాలా ఉన్నాయని శాస్త్రజ్ఞులు అంటారు. గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గడం, హోప్ ఐలండ్ పెరగడం, తీరంలోని కట్టడాలు, అన్నీ కలిశాయంటారు. అందులో ఎవరి పాలు ఎంతో తేల్చడం కష్టం కాబట్టి, ఇల్లు పోయినవాడికి పరిహారం ఇవ్వాల్సింది ఎవరో కూడా తేలదు. రేవు కట్టిన చోట ఉన్న ఊరిని నిర్వాసిత గ్రామం అంటారు, ఉత్తరాన పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

ఇక గంగవరం.

విశాఖ ఉక్కు కోసం భూములిచ్చిన ఊళ్ళ పక్కనే, కొండకూ సముద్రానికీ మధ్య ఒదిగిన పల్లె అది. చాలా సినిమాల్లో మీరు ఆ ఒడ్డును చూసే ఉంటారు. దాని పక్కన దిబ్బపాలెం. కొండ చాటున అలల తాకిడి తక్కువ, ఒడ్డు దగ్గరే లోతు ఎక్కువ. జాలరికి ఏ గుణం కలిసొచ్చిందో రేవు కట్టేవాళ్ళకు కూడా అదే గుణం కనబడింది. దేశంలో అతి లోతైన రేవుల్లో ఒకటిగా గంగవరం 2009లో మొదలయింది. అంతకు ముందు 2006లో, తమ ఒడ్డు పోతుందని ఆందోళనకు దిగిన మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒక మత్స్యకారుడు చనిపోయాడు. దిబ్బపాలెం వాళ్ళు లోపలికి, పునరావాస కాలనీకి తరలారు. రేవు వచ్చిన దాదాపు పదిహేనేళ్ళ తర్వాత కూడా, 2023లోను 2024లోను, ఆ నిర్వాసిత కుటుంబాల నుంచి వచ్చిన కార్మికులు వేతనాల కోసం, ఉద్యోగ భద్రత కోసం పని ఆపి గేటు ముందు కూర్చున్నారు. 2024లో ఆ సమ్మె వల్ల ఉక్కు కర్మాగారం బొగ్గు అందక ఇబ్బంది పడింది కూడా. ఇంటికొక ఉద్యోగం ఇచ్చాక కూడా వాళ్ళకు ఎందుకు తృప్తి లేదని నగరంలో చదువుకున్నవాళ్ళు నన్ను అడుగుతుంటారు. దానికి జవాబు చెప్పడానికి ఒక ఇల్లు తీసుకుందాం. ఫలానా ఇల్లని కాదు, ఒడ్డున ఉండే ఏ ఇల్లయినా అనుకోండి.

ఇంట్లో ఐదుగురు. మగమనిషి తెల్లవారుజామున వేటకు పోతాడు. వాళ్ళు చేపలు పట్టడాన్ని వేట అనే అంటారు. తెచ్చిన చేపలో పడవకొక వాటా, వలకొక వాటా, మనిషికొక వాటా. ఆయన భార్య ఆ చేపను గంపకెత్తుకుని గాజువాక వీధుల్లోకి పోయి అమ్ముతుంది. డబ్బు చూసేది, దాచేది, అప్పు తెచ్చేది, తీర్చేది ఆవిడే. అత్తగారు మిగిలిన చిన్నచేపకు ఉప్పు పట్టించి ఇసుక మీద ఎండబెడుతుంది, వానాకాలంలో అమ్ముతుంది. మామగారు వేటకు పోలేడు గానీ గట్టున కూర్చుని తెగిన వలలు అల్లుతాడు, పక్కవాళ్ళవి అల్లితే నాలుగు డబ్బులు. పదమూడేళ్ళ పిల్లాడు సెలవు రోజున పెద్దవల లాగేటప్పుడు తాడు పట్టుకుంటాడు. తాడు పట్టినవాడికల్లా ఒక పాలు ఇవ్వడం ఆచారం. కాళ్ళు లేని ముసలమ్మకు కూడా కూరకు చేప పెట్టి పంపుతారు. అలా ఆ ఒక్క ఒడ్డు మీద ఆ ఇంట్లో ఐదుగురూ సంపాదనపరులే.

రేవు వచ్చింది. ఆ ఇంట్లో మగమనిషికి కాంట్రాక్టు కింద ఉద్యోగం వచ్చింది. నెల జీతం చేతికి వచ్చినరోజున అది వేట రోజుల కంటే పెద్ద మొత్తంగానే కనబడుతుంది. కానీ భార్య గంప మూలన పడింది. అత్తగారికి ఇసుక లేదు, కాలనీలో సిమెంటు గచ్చు మీద చేప ఎండబెడితే పక్కింటివాళ్ళు వాసనని పోట్లాటకు వస్తారు. మామగారి చేతిలో అల్లడానికి వల లేదు. చేపను సంతలో కొనుక్కోవాలి. పట్టినవాడే చేప కొనుక్కోవడమన్నది మత్స్యకారుల ఇళ్ళలో ఎంత తలవంపో బయటివాళ్ళకు అర్థం కాదు. అంటే ఐదు సంపాదనలు పోయి ఒక్క సంపాదన మిగిలింది. సర్కారు కాగితంలో మాత్రం ఆ కుటుంబం పేరు ఎదురుగా, ఉద్యోగం ఇవ్వబడినది అని ఉంటుంది. ఆ కాగితం ఒక్కడిని లెక్కపెట్టింది. ఇంట్లో డబ్బు మీద పెత్తనం కూడా భార్య చేతిలోంచి జీతం తెచ్చేవాడి చేతిలోకి మారిపోతుంది. పరిహారం చెక్కు మగవాడి పేర వచ్చిన ఇళ్ళలో ఆ డబ్బు ఏమయిందని ఆడవాళ్ళను అడిగితే, చాలామంది తల దించుకుంటారు. మోటారు సైకిలు కనబడుతుంది, శ్లాబు ఇల్లు కనబడుతుంది, తాగుడుకు పోయింది కనబడదు.

వేటను వదలని వాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు సముద్రం మిగిలింది గానీ సముద్రానికి దారి మారింది. ఓడలు తిరిగే చోట వల వేయకూడదు. రాతిగోడ చుట్టూ తిరిగి వెళ్ళాలి, డీజిలు ఎక్కువ కాలుతుంది. డ్రెడ్జింగ్ చేసే రోజుల్లో నీళ్ళు బురదగా ఉండి ఒడ్డు చేప దొరకదు. రాత్రిపూట ఓడ కింద పడి వల తెగితే, ఏ ఓడో తెలియదు, ఎవరిని అడగాలో తెలియదు. ఈ తీరంలో జాలర్లు కొండ గుర్తులతో దారి పట్టేవాళ్ళు. యారాడ కొండ, సింహాచలం కొండ, గుడి శిఖరం, తాటితోపు, ఏది దేని వెనకకు వచ్చినప్పుడు వల వేస్తే ఏ చేప పడుతుందో తండ్రి కొడుక్కి చెప్పేవాడు. ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉంది, నిజమే. కానీ ఆ చేప ఉన్న చోట ఇప్పుడు ఓడల లంగరు ఉంటే జీపీఎస్ ఏం చేస్తుంది?

ఇన్ని నష్టాలు కళ్ళకు కనబడుతుంటే పరిహారంలోకి ఎందుకు రావు? నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. పొలానికి అడంగల్ ఉంది. ఏ సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, పట్టాదారు ఎవరు, సాగులో ఉన్నది ఎవరు, ఏ పంట, ఏ నీటి ఆధారం, ఇవన్నీ ప్రతి ఫసలీలోనూ కరణంగారి రోజుల నుంచి రాస్తూనే ఉన్నారు. ఆ రాత వల్ల రైతుకు ఒక బలం ఉంది. భూమి తీసుకుంటే కనీసం ఎంత తీసుకున్నారో అడగగలడు. ఒడ్డుకు అడంగల్ లేదు. ఇసుక తిన్నె సర్కారు పోరంబోకు. అందులో ఎవరి పడవ ఎక్కడ ఉంటుందో, పెద్దవల వంతు ఏ రోజు ఎవరిదో, ఏ ముసలమ్మ ఏ మూల చేపలు ఎండబెడుతుందో కులపెద్దలకు తెలుసు, ఊరందరికీ తెలుసు, తహసీల్దారు కార్యాలయానికి తెలియదు. రాత లేని హక్కు పోయినప్పుడు పోయినట్టు కూడా కనబడదు. 1933కు ముందు విశాఖ మడుగులో ఎంతమంది బతికారో మనకు తెలియకపోవడానికి కారణం ఇదే. తొంభై ఏళ్ళ తర్వాత కూడా మనం అక్కడే ఉన్నాం.

చట్టం కొంత ముందుకు వచ్చింది. 1894 నాటి భూసేకరణ చట్టానికి ఆ భూమిలో హక్కు ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ కనబడేవారు కాదు. 2013లో వచ్చిన కొత్త చట్టం, నీటి వనరుల మీద మూడేళ్ళుగా బతుకుతున్న కుటుంబాలను, మత్స్యకారులనీ పడవవాళ్ళనీ పేరు పెట్టి మరీ, ప్రభావిత కుటుంబాలుగా గుర్తించింది. సామాజిక ప్రభావం మదింపు చేయాలంది. మంచి మాటే. అయితే అది కూడా భూమిని సేకరించినప్పటి మాట. సర్కారు పోరంబోకును సర్కారే రేవుకు ఇచ్చినప్పుడు, సముద్రంలో కొంత మేరను రేవు హద్దుగా ప్రకటించినప్పుడు, అక్కడ సేకరణ అనేదేదీ జరగనట్టే లెక్క. పైగా మూడేళ్ళుగా బతుకుతున్నానని రుజువు చూపించమంటే, చూపించడానికి ఏముంది? పడవ రిజిస్ట్రేషన్ ఉన్నవాడు చూపిస్తాడు. గంప మోసే ఆవిడ ఏం చూపిస్తుంది?

రాతకున్న బలం మన తీరానికి కొత్త కాదు. బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి అని ఒక ఊరుంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన శాసనం ఒకటి ఉంది. దాన్ని అభయ శాసనం అంటారు. అంతకుముందు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును రాజులు లాగేసుకునేవారు. గణపతిదేవుడు ఇక అలా జరగదని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని, దూరదేశాల వర్తకులకు రాతిమీద మాట ఇచ్చాడు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ఆ మాటను నేను గౌరవంగా చూస్తాను. నష్టభయం ఉంటే ఓడ రాదని, వర్తకుడికి ధైర్యం ఇచ్చేది రాతలో ఉన్న మాటేనని ఆ రాజుకు తెలుసు. ఇప్పుడు రేవు పెట్టుబడిదారుకు మనం వందల పేజీల ఒప్పందం రాసి ఇస్తాం. భూమి ఎన్నేళ్ళు, సుంకం ఎంత, ఆదాయంలో వాటా ఎంత, ఆలస్యమైతే ఏం చేయాలి, అంతా అందులో ఉంటుంది. ఊరికి ఇచ్చిన మాట మాత్రం మీటింగులో మైకు ముందు చెప్పింది. ప్రజాభిప్రాయ సేకరణ రోజున షామియానా కింద అధికారి చెప్పిన జెట్టీ, ఆసుపత్రి, ఉద్యోగాలు మర్నాటికి ఎక్కడ రాసి ఉన్నాయో వెతకాలి. గంగవరం వాళ్ళు జెట్టీ కోసం ఎన్నేళ్ళు అడిగారో ఆ ఊరి వాళ్ళను అడిగితే చెబుతారు.

జెట్టీ మాట వచ్చింది కాబట్టి శ్రీకాకుళం సంగతి కూడా చెప్పాలి. అంత పొడవు తీరం ఉన్న జిల్లా నుంచి వేలమంది మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతారు. సొంత ఊళ్ళో మరపడవ నిలబెట్టడానికి చోటు లేదు. అలా వెళ్ళి, 2018 నవంబరులో తెలియక సరిహద్దు దాటి పాకిస్తాన్‌కు చిక్కిన మనవాళ్ళలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇంటికి వచ్చారు. ఆ ఏడాదే ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌కు వెరావల్‌లో చిక్కుకున్న వేలమందిని బస్సుల్లో తీసుకొచ్చారు. వేరే దేశపు బొగ్గు ఓడకు మన ఒడ్డున గట్టు కట్టగలిగిన మనం, మన ఊరి పడవకు గట్టు కట్టలేకపోయాం. ఇప్పుడు కొన్ని చోట్ల ఫిషింగ్ హార్బర్లు కడుతున్నారు. అవి త్వరగా పూర్తి కావాలి. అయితే అందులోనూ ఒక జాగ్రత్త కావాలి. పెద్ద హార్బర్లో చేప టన్నుల్లో వేలం అవుతుంది. చేతిలో రెండు వేల రూపాయలున్న గంప ఆవిడ ఆ వేలంలో నిలబడలేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వేకువన వెళితే, కంపెనీల లారీలకు చేప ఎక్కాక మిగిలింది పట్టుకుని నడిచే ఆడవాళ్ళను చూడొచ్చు.

మూలపేట శ్రీకాకుళం జిల్లాలోనే, సంతబొమ్మాళి మండలంలో ఉంది. దగ్గర్లోనే నౌపడ. నౌపడ ఉప్పు పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. ఉప్పు మడుల్లో కూలి చేసేవాళ్ళకు కూడా మడి మీద ఏ కాగితమూ ఉండదు, ఎండాకాలం మడిలో దిగి ఉప్పు లాగడమే వాళ్ళ హక్కు. రేవు వల్ల అక్కడ రోడ్లు వస్తాయి, రైలు కలుస్తుంది, ఇళ్ళ అద్దెలు పెరుగుతాయి, హోటళ్ళు, లారీ షెడ్లు, టైరు పంక్చరు దుకాణాలు వస్తాయి. భూమి ఉన్నవాడు కోటీశ్వరుడవుతాడు. పోర్టు ఉద్యోగమున్న పెళ్ళికొడుక్కి కట్నం పెరుగుతుంది. పరాయి ఊళ్ళ నుంచి వచ్చిన డ్రైవర్లతో, కూలీలతో ఊరు కిక్కిరిసి, చీకటి పడ్డాక ఆడపిల్లలు బయటికి పోవడానికి జంకే రోజులు కూడా కొన్నాళ్ళు ఉంటాయి. రేవు వద్దని నేను అనడం లేదు. వలసపోయి వలసపోయి అలిసిన జిల్లా అది, పని అక్కడికే రావాలి. క్రేన్ నడపడం, వెల్డింగ్, ఓడ మరమ్మతు, సరుకు లెక్కల పని, ఇవి నేర్పే శిక్షణ రేవు తెరిచే రోజుకు మొదలుపెడితే లాభం లేదు, మూడేళ్ళ ముందే పల్లె పిల్లలను చేర్చుకోవాలి. లేకపోతే రేవు తెరిచే నాటికి పనిమంతులు వేరే రాష్ట్రాల నుంచి వస్తారు, ఊరి పిల్లలకు గేటు దగ్గర కాపలా ఉద్యోగం మిగులుతుంది.

దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చాలా చిన్నది, ఖర్చు దాదాపు లేనిది. ఒడ్డుకు అడంగల్ రాయాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలు చాలా పడవలు ఒడ్డునే ఉంటాయి, ఊరివాళ్ళు చాలామంది ఊళ్ళోనే దొరుకుతారు. గ్రామ సచివాలయం ఉద్యోగి ఒకరు, ఊరి ఆడమనిషి ఒకరు, పుస్తకం పట్టుకుని రేవు కట్టబోయే చోటు నుంచి దక్షిణానికి కొంత, ఉత్తరానికి దానికి రెండింతలు నడవాలి. పడవ ఎవరిది, ఎక్కడ లాగుతారు, పెద్దవల వంతులు ఎలా, తాడు పట్టేది ఎవరు, ఏ నెలలో ఏ చేప. తిన్నె ఇప్పుడు ఎన్ని అడుగుల వెడల్పు ఉందో కొబ్బరిచెట్టు మొదలు నుంచి కొలిచి రాయాలి, మళ్ళీ ఏడాది మళ్ళీ కొలవాలి. ఆడవాళ్ళ పేరు మగవాడి పేరు కింద భార్య అని రాయకుండా, వేరే వరసలో, వేరే నంబరుతో రాయాలి. కులపెద్దల ముందు కూర్చుని రాస్తే మగవాళ్ళ పేర్లే వస్తాయి, అక్కడ ఆడవాళ్ళకు నోరు లేదు. అందుకే ఒడ్డు మీద నడుస్తూ రాయాలి. నడిచేటప్పుడు ఇసుకలో పరిచిన తాటాకు చాప మీద నెత్తళ్ళు ఎండుతూ కనబడతాయి, పక్కనే కాకులను తోలుతూ ఒక ముసలమ్మ కూర్చుని ఉంటుంది. ఆ పుస్తకంలో మొదటి పేరు ఆవిడది.